కల్తీ లేని చుక్కలు

మా అవ్వ మారెమ్మకు ఒక పని చెబితే ఆ పని అయిపోతుంది. చెప్పనిది కూడా దాంతోపాటు అయిపోతుంది. అందుకే మా ఇంట్లో ఆమెకు పని చెప్పేముందు అందరూ రెండుసార్లు ఆలోచిస్తారు. ఐదేళ్లు పరిశోధన చేసి, ప్రతి మాటా ఆచితూచి వాడాలని నేర్చుకున్న నేను మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించకుండా నోరు జారాను.

నా పేరు హేమావతి. మా ఊరు కణేకల్ దగ్గర, కాలువ నీళ్లు రాని వైపు. కాలువ మా పొలిమేర దాకా వచ్చి, మమ్మల్ని ఒకసారి చూసి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. అమ్మా నాయనా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తారు, వారానికోసారి వస్తారు. ఇంట్లో ఉండేది అవ్వ, ఆమె కంబళ్ల మగ్గం. మా వాళ్లు గొర్రెలు కాసి, ఉన్ని వడికి, కంబళ్లు నేసి బతికినవాళ్లు. ఇప్పుడు గొర్రెలు లేవు. అవ్వ మాత్రం ఉన్ని కొనుక్కొచ్చి మరీ నేస్తుంది. ఎందుకని అడిగితే, "చేతులు ఊరికే ఉంటే నోరు ఊరుకోదు" అంటుంది. చేతులకు పని ఉన్నప్పుడు కూడా ఆ నోరు ఊరుకోవడం నేను చూడలేదు.

నేను అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కొర్ర కట్టెలో ప్రతి కణం చుట్టూ ఒక గోడ ఉంటుంది. ఆ గోడలో ఎక్కువ భాగం చక్కెరలే. అవి చేతులు పట్టుకుని పొడుగ్గా వరుస కట్టి ఉంటాయి. ఏ చక్కెర ఏ చక్కెర చేయి పట్టుకుందో కనుక్కోవడం నా పని. ఇది అవ్వకు చెప్పినప్పుడు ఆమె నోట్లోని వక్కపలుకును ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి, "చక్కెరయితే తియ్యగుండల్ల గదా? నేను నమిలి చూసినా. ఏం తీపి లేదు" అంది.

"అన్ని చక్కెరలూ తియ్యగుండవవ్వా."

"మరి చక్కెర అనేది ఏంటికి?"



చక్కెరల సంగతి తేల్చే మిషన్ పేరు ఎన్ఎంఆర్. మా యూనివర్సిటీలో లేదు, బెంగళూరు పంపాలి. మనిషి కంటే ఎత్తైన పీపా, అందులో పెద్ద అయస్కాంతం. కట్టెను మెత్తగా పిండి చేసి, ద్రావకంలో కలిపి, పెన్సిల్ కంటే సన్నని గాజు గొట్టంలో పోసి అందులోకి దించుతారు. మిషన్ రేడియో అలలతో తట్టి, బడిలో హాజరు పిలిచినట్టు పిలుస్తుంది. ప్రతి హైడ్రోజనూ తన చోటి నుంచి పలుకుతుంది. పక్కన కూర్చున్నది ఎవరో దాన్నిబట్టి దాని గొంతు మారుతుంది. ఆ పలుకులన్నీ కాగితం మీద చుక్కలుగా పడతాయి. చుక్క పడిన చోటును చూసి ఇది గ్లూకోజ్, ఇది జైలోజ్, వీటిలో ఏది దేన్ని పట్టుకుంది అని చెప్పవచ్చు. మిషన్ అబద్ధం చెప్పదు. గొట్టంలో ఏముంటే దాన్నే చెబుతుంది. ఈ చివరి ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

నిరుడు విత్తనం పడ్డాక నలభై ఏడు రోజులు చినుకు రాలలేదు. మా కొట్టం వెనక ఆరు సాళ్లలో అవ్వ దాచిన పాత విత్తనం వేయించాను. పక్కనే ఓబిలేషన్న చేను, అందులో అంగట్లో కొన్న కొర్ర. ఓబిలేషన్న కొర్ర ముందు తల వాల్చింది, తర్వాత నడుం వాల్చింది. నేను అనంతపురం నుంచి రోజూ ఫోన్ చేసేదాన్ని.

"అవ్వా, మన కొర్ర నిలబడిందా?"

"నిలబడి ఉండాది."

"పడలేదు కదా?"

"నేనుండంగా ఏంటికి పడుతుంది?"

ఆమె ఎప్పుడూ చెప్పుకునే గొప్పల్లో ఇదొకటి అనుకున్నాను.

మా గైడు భారతి మేడం ఈ సంగతి విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ కట్టె గోడలో ఏదో ఉంది హేమా. వేరే గడ్డిలో లేనిది ఏదో దాన్ని నిలబెట్టింది. పట్టుకో" అన్నారు. పట్టుకోకపోతే నాకు వేరే దారి కూడా లేదు. అప్పటిదాకా నేను కనుక్కున్నదంతా ఎవరో ఒకరు ఎప్పుడో కనుక్కున్నదే. జూన్‌తో నా గడువు అయిపోతుంది. ఆలోపల కొత్తది దొరక్కపోతే డిగ్రీ లేదు. నేను కూడా రాయదుర్గం పోయి ప్యాంట్లకు జిప్పులు కుట్టుకోవాలి.

ఊరికి పోయి కట్టెలు కోశాను. ఓబిలేషన్నవి అప్పటికే ఎండిపోయాయి కాబట్టి వాటిని నాతోనే తీసుకుపోవచ్చు. మావి పచ్చివి. ఎనిమిది రోజులు నీడలో ఆరాలి. వాటిని కట్టలు కట్టి కొట్టంలో పెట్టి, బస్సు తొందరలో అవ్వకు అప్పజెప్పాను.

"అవ్వా, ఇవి భద్రం. ఒక్క కట్టె విరగగూడదు, ఒక్క పొట్టు లేవగూడదు. నీ పోగుల్ని ఎట్ల చూసుకుంటావో అట్ల చూస్కో."

"పోగుల మాదిరేనా?"

"పోగుల మాదిరే."

"సరే పో, బస్సు పోతాది."

ఎనిమిది రోజులకు వచ్చి చూస్తే కట్టెలు బాణాల్లా నిటారుగా ఉన్నాయి. ఒక్క పొట్టు లేవలేదు. ఎండకు పెడితే నిగనిగమంటున్నాయి, విరిస్తే టక్కుమంటున్నాయి. కరువులో నిలబడిన కట్టె ఇలాగే ఉంటుంది మరి అని మురిసిపోయాను. అప్పటిదాకా గడ్డి నిగనిగలాడటం నేనెక్కడా చూడలేదన్న సంగతి ఆ మురిపెంలో కొట్టుకుపోయింది.

ల్యాబులో కట్టెలను పొడి చేసి, స్పిరిట్‌లో, క్లోరోఫాంలో, అసిటోన్‌లో పదకొండుసార్లు కడిగాను. పిండిపదార్థం పోవడానికి ఎంజైమ్ కూడా వేశాను. మిగిలిన గోడను మెత్తగా నూరి బెంగళూరు పంపాను. అక్కడ మిషన్ చూసుకునే శాస్త్రవేత్త జోయల్ సార్. సొంతూరు పామిడి. ఆయన మాట ఇంగ్లీషులో మొదలవుతుంది, ఆశ్చర్యం వేస్తే పామిడికి వచ్చేస్తుంది. ఆ రోజు ఫోన్ ఎత్తేసరికే ఆయన పామిడిలో ఉన్నారు.

"ఏమ్మా, ఇది గడ్డేనా? యాడ తెచ్చినావు దీన్ని?"

"మా కొట్టం వెనక సార్."

"గడ్డిలో జైలోగ్లూకాన్ ఏదో చిటికెడు ఉంటాది. ఇందులో గంపలకు గంపలుండాది! గ్లూకోజ్ మూడు, జైలోజ్ రెండు, గెలాక్టోజ్ ఒకటి, సుమారుగా అదే లెక్క. అచ్చం చింతగింజలో ఉండే మాదిరి. ఓబిలేష్ అని పేరు రాసినావే, ఆ గడ్డిలో మాత్రం ఏం లేదు."

జైలోగ్లూకాన్ అనే ఈ చక్కెర గొలుసు గురించి ఏ పుస్తకం తెరిచినా మొదటి ఉదాహరణ చింతగింజే. నేను పరీక్షలో కూడా రాశాను, మంచి మార్కులే వచ్చాయి. చదువు వేరు, ఇల్లు వేరు అని మనసులో ఎక్కడో గోడ కట్టుకున్నట్టున్నాను. అందుకే ఆ మాట విని కూడా ఎగిరి గంతేశానే తప్ప ఇంకేమీ తట్టలేదు.

భారతి మేడం డిపార్ట్‌మెంటంతటికీ ఓళిగలు, కొందరు బొబ్బట్లంటారే, అవి తెప్పించారు. నెల తిరక్కముందే సెమినార్ పెట్టారు, జోయల్ సార్‌ను పిలిచారు, గడ్డిలో దొరికిన ఆ చక్కెర గొలుసుకు కొత్త పేరు కూడా పెట్టేశారు. కణేకలాన్! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా ఆ పేరు పోస్టర్ మీద చూసుకున్నప్పుడు నా ఒళ్లు పులకరించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

సెమినార్ రెండు వారాలుందనగా, ఆ పోస్టర్ అవ్వకు చూపిద్దామని ఊరికి పోయాను. వీధిలో గుంజలకు పడుగు సాగదీసి ఉంది. నల్లటి ఉన్ని పోగులు ఈ చివర నుంచి ఆ చివర దాకా బిగువుగా ఉన్నాయి. అవ్వ చేతిలో కుంచె, పక్కన కుండ. కుండలో నుంచి తీసి, పోగుల మీద రాస్తూ నడుస్తోంది. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసిన పనే.

"వస్తివా? మగ్గం మీదికి పోయేలోపల ఈ గంజి బాగా పట్టల్ల. లేకుంటే పోగు పుటుక్కుమంటాది" అంటూ కుంచె ఆపకుండానే, "నీ కట్టెలకు గూడా ఇదే గదా పెట్టింది. ఒక్క పొట్టు లేసిందా, చెప్పు?" అంది.

"ఏమి పెట్టినావు?"

"గంజి."

"దేనికి?"

"నీ కట్టెలకే. పోగుల మాదిరి చూస్కోమంటివి గదా. నేను అడిగినా గూడా, పోగుల మాదిరేనా అని. పలచగా కాంచి, రెండుసార్లు పూసి, నీడకు ఆరబెట్టినా."

"దేంతో కాంచినావు ఆ గంజి?"

అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "చింతగింజలతో. కంబళికి ఇంక దేంతో కాంచుతారు?"

జోయల్ సార్ చెప్పిన లెక్క చెవుల్లో మోగింది. మూడు, రెండు, ఒకటి. పోస్టర్ చేతిలోంచి జారి కుండ పక్కన పడింది. జూన్ నెల, జిప్పులు, ఓళిగలు అన్నీ ఒకేసారి కళ్ల ముందు తిరిగాయి. దుఃఖం రావాలి. రాలేదు. కోపం వచ్చింది.

"అవ్వా, నా ఐదేండ్ల పనిని కల్తీ చేసినావు!"

కుంచె ఆగింది.

"ఏమంటివి?"

మళ్లీ అనక్కర్లేకపోయింది.

"అరవై ఏండ్లుగా ఈ చేత్తో గంజి కాంచుతాండా" అంది అవ్వ మెల్లగా. "సంతలో బేరమాడినోళ్లుండారు, తిట్టినోళ్లుండారు. కల్తీ అన్నోడు ఒక్కడు లేడు." కుంచెను కుండ అంచు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. సగం గంజి పట్టిన పడుగును ఆమె అలా వదిలేసి పోవడం నేను ఎప్పుడూ చూడలేదు. మిగతా సగం నేనే పూశాను, గడ్డలు గడ్డలుగా. చాలా సిగ్గేసింది.

పొద్దు వాలే బస్సుకు బయల్దేరుతుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది. నాతో కాదు, గోడతో చెబుతున్నట్టు. "చూరులో ఒక కట్ట ఉండాది. దానికి గంజి చాల్లేదు."

ఆ కట్టను తీసుకున్నాను. చిన్న సీసాలో గంజి కూడా తీసుకున్నాను. గంజిని ఆరబెట్టి కె-3 అనీ, గంజి లేని కట్టెకు కె-4 అనీ పేర్లు పెట్టి బెంగళూరు పంపాను. లోపల ఏముందో రాయలేదు. ధైర్యం చాల్లేదు.

వారం తర్వాత జోయల్ సార్ ఫోన్. "కె-4 ఉత్త గడ్డిమ్మా, ఓబిలేష్ గడ్డి మాదిరే. ఏం లేదు అందులో. కానీ ఈ కె-3 ఉండాది చూడు, ఇంత శుభ్రమైన శాంపిల్ నేను ఈ ఏడాదిలో చూడలే! ఒక్క చెత్త చుక్క లేదు, కల్తీ అన్న మాటే లేదు. మొదటిసారి పంపినావే, దాంట్లో పడిన కొత్త చుక్కలన్నీ దీంట్లో చోటు తప్పకుండా పడినాయి. ఎట్ల శుభ్రం చేసినావు?"

"సెమినార్‌లో చెప్తాను సార్" అన్నాను.

నిజానికి ఏం చెప్పాలో అప్పటికి నాకే తెలియదు. కె-4 సంగతి ఎత్తకుండా ఉంటే చాలు. కె-3 కూడా కొర్ర నుంచే తీశానంటే నమ్ముతారు. మేడం నమ్ముతారు, ఊరు నమ్ముతుంది, డిగ్రీ వస్తుంది. తేలు కుట్టిన దొంగలా రెండు రోజులు ల్యాబులో తిరిగాను. ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ "ఊ" అంటోంది. అంతకు మించి ఒక్క మాట లేదు. నేను పుట్టిన దగ్గర నుంచీ ఆగని నోరు నా ఒక్క మాటకు ఆగిపోయింది. మూడో రోజు ఆ "ఊ" విన్నాక నాకు ఒకటి తెలిసొచ్చింది. కల్తీ చేసింది అవ్వ కాదు. ఇప్పుడు చేయబోతున్నది నేను.

సెమినార్ రోజు హాలు నిండింది. తెర మీద నాలుగు బొమ్మలు పక్కపక్కనే పెట్టాను. ఓబిలేషన్న కొర్ర, మా కొర్ర, కె-3, కె-4. "కె-4 అంటే మా కొర్రే, ఇంకేమీ కలవనిది. ఇందులో కొత్తదేమీ లేదు. కె-3 అంటే..." అని గోడ మీది పోస్టర్ వైపు చూశాను. "మా అవ్వ కంబళ్లకు పెట్టే చింతగింజల గంజి. కట్టెలు విరగకుండా చూడమని నేనే చెప్పాను. ఆమె చూసింది. కణేకలాన్ అన్నది లేదు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత హాలంతా నవ్వే. భారతి మేడం మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుస్తున్నారు, తుడుస్తూనే ఉన్నారు. ఆ కాసేపట్లో నేను మనసులో నాలుగు ప్యాంట్లకు జిప్పులు కుట్టేశాను.

జోయల్ సార్ లేచారు. "హేమావతీ, పొడిని ఎన్నిసార్లు కడిగినావు?"

"పదకొండుసార్లు సార్. స్పిరిట్, క్లోరోఫాం, అసిటోన్. ఎంజైమ్ వేసినప్పుడు నీళ్లతో కూడా."

"గంజి వదిలిందా?"

"వదల్లేదు సార్."

"పదకొండుసార్లు కడిగినా వదల్లే!" ఆయన మేడం వైపు తిరిగారు. "మేడం, ఒక ముసలమ్మ కుంచెతో పూసిన గంజి గడ్డి గోడను ఇంత గట్టిగా ఎట్ల పట్టుకుంది? గంజి ఒక్కటే ఉన్న బొమ్మ ఈ పిల్ల దగ్గరుండాది, గడ్డి ఒక్కటే ఉన్నది ఉండాది, రెండూ కలిసింది ఉండాది. ఇన్ని చేతిలో పెట్టుకుని ఏడుస్తారా ఎవరైనా?"

మేడం కళ్లజోడు పెట్టుకున్నారు. "కట్టెలు ఎనిమిది రోజులు ఎవరి దగ్గర ఉన్నాయో, వాళ్లు ఏం చేశారో నోట్‌బుక్‌లో రాయలేదు. అది నీ తప్పు, మీ అవ్వది కాదు" అని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. తర్వాత కొంచెం తగ్గి, "గంజి మీద రాయి. ఇంకో ఏడాది గడువు నేను అడుగుతాను. ఆ పోస్టర్ మాత్రం ముందు పీకెయ్" అన్నారు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

శనివారం ఊరికి పోయాను. అవ్వ మగ్గం గుంతలో కూర్చుని నేస్తోంది. తల ఎత్తలేదు. కె-3 బొమ్మ ఉన్న కాగితం ఆమె ముందు పెట్టాను. నేను బతిమాలితే జోయల్ సార్ దాని కింద తెలుగులో ఒక మాట రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

"ఇది నీ గంజి అవ్వా. మిషన్ చెప్పింది ఇదే. చదువుతా విను."

"నువ్వొద్దు" అంది అవ్వ. "ఓబిలేషూ! ఇట్ల రాప్పా. ఇదేమో చదువు."

గొడ్డుకు మేత వేస్తున్న ఓబిలేషన్న చేతులు దులుపుకుంటూ వచ్చాడు. కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "కె-3. కల్తీ లేదు. ఇట్లు జోయల్, బెంగళూరు."

"ఇంకోసారి."

చదివాడు.

"వీధిలోకి పోయి చదువు. అక్కడోళ్లు చెవిటోళ్లు."

మూడోసారి వీధి మధ్య నిలబడి చదివాడు, పాపం. అవ్వ కాగితాన్ని అందుకుని, నాలుగు మడతలు పెట్టి మగ్గం పక్క గూట్లో దాచింది. అప్పుడు నా వైపు చూసింది. "నువ్వు పూసిన సగం పడుగు ఉండాదే, దాంట్లో పదారు పోగులు తెగినాయి. నీకు మిషనే బాగుంటాది" అంది. ప్రాణం లేచి వచ్చింది నాకు.

అనంతపురం నుంచి తెచ్చిన ఓళిగ ముక్క విరిచి చేతికిస్తూ, చాలారోజులుగా తొలిచేస్తున్నది అడిగాను. "అవ్వా, గంజి లేని కట్టెలో ఏమీ లేదు. ఓబిలేషన్న కొర్రా మనదీ ఒకటే. మరి నలభై ఏడు దినాలు మనది ఎట్ల నిలబడింది?"

ఓబిలేషన్నకు ఉన్నట్టుండి గొడ్డు గుర్తొచ్చింది. వెళ్లిపోయాడు.

అవ్వ ఓళిగ నములుతూ, "నీళ్లు పోస్తే నిలబడకుండా ఏం చేస్తాది?" అంది.

"నీళ్లా? ఎవరు పోసినారు?"

"ఎవరు పోస్తారు? కొళాయి వచ్చినప్పుడు దినామూ నాలుగు బిందెలు."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"నువ్వు అడిగింది నిలబడిందా అని. నీళ్లు పోసినావా అని ఒక్కనాడన్నా అడిగితివా?" ఇంకో ముక్క తుంచుకుంది. తర్వాత మగ్గం వైపు చూస్తూ అంది. "పడిపోయిందంటే ఫోన్లో నీ గొంతు ఎట్లయితాదో నాకు తెల్దా?"

కొళాయి మా వీధి చివర ఉంది. అక్కడి నుంచి కొట్టం వెనకకు ఎంత దూరమో, ఆమె మోకాళ్లు ఎట్లాంటివో నాకు తెలుసు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి ఏదీ సరిగ్గా రాలేదు. ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. గంజి ఎండిపోయి ఆ వేళ్లు గరుకుగా ఉన్నాయి.

సోమవారం ల్యాబుకు వచ్చి నోట్‌బుక్ తెరిచాను. కొర్ర శాంపిల్ పట్టికలో నీరు అన్న గడిలో, నిరుడు నేను రాసిన "లేదు" అన్న మాట అలాగే ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన రాశాను. రోజుకు నాలుగు బిందెలు. పోసినది మారెమ్మ.